మన ఓటు చేతిలో ఓడినాయన రాష్ట్రపతి అయ్యాడు



పోయిన వారం మా ఆఫీసులో ఒక మాట జరిగింది. గొడవేం కాదు, టీ తాగుతూ అనుకున్న మాటే. కానీ నాలుగు రోజులైనా నన్ను వదలట్లేదు. అందుకే రాస్తున్నా. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నేను పనిచేసేది కోకాపేటలో. మీలో చాలామందికి ఈ పేరు వేలం వార్తల్లోనే తెలిసి ఉంటుంది. 2023 ఆగస్టులో ఇక్కడి నియోపోలిస్ లేఅవుట్‌లో హెచ్‌ఎండీఏ వేలం వేస్తే ఎకరం 100 కోట్ల 75 లక్షల దాకా పోయింది. మా కిటికీలోంచి చూస్తే క్రేన్లు, సగం లేచిన టవర్లు. వాటి కింద రేకుల షెడ్లు.

ఆ కిటికీ దగ్గరే మా టీమ్‌లో ఒక మిత్రుడు అన్నాడు: "మీ అరకు, పాడేరు వైపు ఎంత భూమి బ్రో! ఆ 1/70 ఒక్కటి తీసేస్తే మీరంతా కోటీశ్వరులే. మీ చట్టమే మిమ్మల్ని పేదవాళ్లుగా ఉంచేసింది." నేను నోరు తెరిచేలోపే ఇంకోటి కలిపాడు: "అయినా ఇప్పుడు రాష్ట్రపతే మీవాళ్లు కదా, ఇంకేం కావాలి మీకు?"

మంచివాడే. వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగాడు. నాకే వెంటనే జవాబు రాలేదు.

ఆ రెండు ప్రశ్నలకీ జవాబు వెతుకుతూ పోతే ఒక పెద్దాయన జీవితం దగ్గర ఆగాను. ఆయన ఆదివాసీ కాదు. మూడు రాష్ట్రాలకు గవర్నర్‌గా చేసి, తర్వాత రాష్ట్రపతి పదవికి పోటీ చేసి గెలిచిన తెలుగాయన. వి.వి. గిరి. గ్రూప్స్‌కి చదివిన వాళ్లకి ఆయన గురించి రెండు ముక్కలు తెలుసు: స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి గెలిచిన రాష్ట్రపతి, 1975లో భారతరత్న. మన పార్వతీపురం ముక్క మాత్రం ఆ పుస్తకాల్లో ఉండదు. అదే ఇవాళ చెప్పుకుందాం.

*ముందు ఆయన మంచి*

వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా, ఇప్పుడు ఒడిశా. లా చదవడానికి ఐర్లాండ్ వెళ్లారు. అక్కడి స్వాతంత్ర్య పోరాటం వాళ్లతో తిరుగుతున్నాడని 1916లో ఆ దేశం వదిలి రావాల్సి వచ్చింది. వచ్చాక రైల్వే కార్మికుల్లో పనిచేశారు. ఏఐటీయూసీకి రెండుసార్లు అధ్యక్షుడయ్యారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే ఓడించారు. ఆ రాజా అంటే అంతకుముందు మద్రాసు ప్రభుత్వాన్నే నడిపిన మనిషి. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. 1954లో బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా వచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేసిందని పదవి వదిలేసి బయటికొచ్చారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన కథలో ఆయన దుర్మార్గుడు కాదు. రాజాలను ఓడించినవాడు, కూలివాళ్ల కోసం కుర్చీ వదిలినవాడు. అలాంటి మంచి మనిషికి కూడా మనం కనిపించని చోటు ఒకటి ఉంటుంది. ఆ చోటు గురించే నా బాధ.

*565 ఓట్లు*

1957 లోక్‌సభ ఎన్నికలు. గిరి గారు పార్వతీపురం నుంచి నిలబడ్డారు.

అప్పట్లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గం. ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు ఎంపీలు. ఒక సీటు ఎస్టీ రిజర్వుడు, ఇంకోటి జనరల్. ఓటరుకి రెండు ఓట్లు. లెక్క ఎలాగంటే, ముందు ఎస్టీ అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లకి రిజర్వుడు సీటు ఇస్తారు. తర్వాత మిగిలిన అందరిలో, ఎస్టీ అయినా కాకపోయినా, ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లకి జనరల్ సీటు.

పెద్ద నాయకుడు జనరల్ సీటు పట్టుకెళ్తాడు, మనవాడొకడు రిజర్వుడు సీటులో పక్కన కూర్చుంటాడు. అందరూ అనుకున్నది అదే. పార్వతీపురంలో లెక్క తిరగబడింది. మొదటి స్థానం బిడ్డిక సత్యనారాయణకి. రెండో స్థానం డిప్పల సూరి దొరకి. ఇద్దరూ ఎస్టీలే. మాజీ కేంద్రమంత్రి గిరి గారు మూడో స్థానం. సూరి దొరకీ ఆయనకీ తేడా 565 ఓట్లు.

సత్యనారాయణకి రిజర్వుడు సీటు, సూరి దొరకి జనరల్ సీటు. పార్వతీపురం నుంచి వెళ్లిన ఇద్దరు ఎంపీలూ మనవాళ్లే! ఈ మాట మన ఇళ్లల్లో ఎంతమందికి తెలుసు? నేను డిగ్రీ చదివింది ఆ పార్వతీపురంలోనే. మూడేళ్లలో ఒక్కరు కూడా నాకు చెప్పలేదు.

గిరి గారు ఒప్పుకోలేదు, కోర్టుకి వెళ్లారు. ఎన్నికల ట్రిబ్యునల్, హైకోర్టు, చివరికి సుప్రీంకోర్టు. ఆయన వాదనలు ప్రధానంగా రెండు. ఒకటి, రిజర్వుడు సీటుకని నామినేషన్ వేసిన ఎస్టీ అభ్యర్థికి జనరల్ సీటు ఇవ్వకూడదు. రెండోది, అసలు సూరి దొర మూకదొర తెగవాడిగా మిగల్లేదు, క్షత్రియుడైపోయాడు.

రెండో వాదన దగ్గర ఆగండి. సూరి దొర కుటుంబం కొంత కలిగిన కుటుంబం. పాత పత్రాల్లో కొన్నిచోట్ల క్షత్రియులమని రాసుకున్నారు. పెళ్లిళ్లు బ్రాహ్మణ పురోహితుడితో చేయించారు, జంధ్యం వేసుకున్నారు. అవన్నీ కోర్టులో సాక్ష్యాలుగా పెట్టారు. "చూడండి, వీళ్లు ఆదివాసీల్లా ఉన్నారా?" అని.

1959లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు రెండు వాదనల్నీ కొట్టేసింది. ఎస్టీ అభ్యర్థి రిజర్వుడు సీటుతో పాటు జనరల్ సీటుకీ అర్హుడే అంది. ఇక కులం సంగతి: ఒక మనిషి తనంతట తాను పై కులం పేరు పెట్టుకున్నంత మాత్రాన ఆ కులంవాడు అయిపోడు, ఆ కులంవాళ్లు తనని తమవాడిగా ఒప్పుకున్నారా లేదా అన్నదే చూడాలి అంది. సూరి దొర మూకదొరే, జనరల్ సీటు ఆయనదే.

తమ్ముడూ, చెల్లీ, ఇది అరవై ఏళ్ల కిందటి ముచ్చట అనుకోకండి. "నువ్వు ట్రైబల్‌లా లేవే!" అన్న మాట మీలో ఎంతమంది వినలేదు? నేను ఈ ఆఫీసులో చేరిన మొదటి నెలలోనే విన్నా. జీన్స్ వేసుకున్నావు, ఇంగ్లీషు మాట్లాడుతున్నావు, కోకాపేటలో పనిచేస్తున్నావు, ఇంక నీకు రిజర్వేషన్ ఎందుకు అని. అడవిలో ఉంటే వెనకబడ్డావంటారు, బయటికొస్తే ఆదివాసీవి కాదంటారు. సూరి దొరని కోర్టులో అడిగింది సరిగ్గా ఇదే. ఈసారి ఎవరైనా అంటే, ఆ ప్రశ్నకి 1959లోనే సుప్రీంకోర్టులో జవాబు వచ్చేసిందని చెప్పండి.

తర్వాత ఏమైంది? 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాల్నే రద్దు చేస్తూ చట్టం తెచ్చింది. నియోజకవర్గాలు మరీ పెద్దవైపోయాయి, ఎన్నికల నిర్వహణ కష్టం అన్నారు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఈ పార్వతీపురం కేసుకీ ఆ చట్టానికీ ఉన్న సంబంధాన్ని పరిశోధకులు ఎత్తి చూపారు. జనరల్ సీటులో మనవాళ్లు గెలవడం చూశాక ఆ పద్ధతి ఎక్కువ కాలం ఉండలేదు. అప్పట్నుంచి "రిజర్వుడు సీటు మీది, జనరల్ సీటు మాది" అన్న లెక్క పార్టీల బుర్రలో స్థిరపడిపోయింది. చట్టం మాత్రం ఇప్పటికీ అలా చెప్పదు. జనరల్ సీటంటే అందరి సీటు. అందులో మనం కూడా ఉన్నాం.

*ఓడితే గవర్నర్*

గెలిచిన సూరి దొర పేరు ఇప్పుడు లా పుస్తకాల్లో ప్రతివాదిగా మిగిలింది. ఓడిన గిరి గారికి మాత్రం ఆ ఏడాది తిరక్కుండానే రాజభవన్ దొరికింది. 1957 జూన్‌లో ఉత్తరప్రదేశ్ గవర్నర్. సుప్రీంకోర్టులో సూరి దొర మీద తీర్పు వచ్చేనాటికి ఆయన లక్నో రాజభవన్‌లో ఉన్నారు. 1960లో కేరళ, 1965లో మైసూరు. 1967లో ఉపరాష్ట్రపతి.

ఎన్నికల్లో ఓడిన పెద్దలకి గవర్నర్ పదవి ఇచ్చే అలవాటు ఇవాళ కొత్తగా పుట్టింది కాదని దీన్నిబట్టే తెలుస్తోంది. చాలామందికి గవర్నర్ అంటే రిబ్బన్ కటింగులు, అసెంబ్లీలో ప్రసంగం, ప్రభుత్వాలు కూలేటప్పుడు రిపోర్టు పంపేవాడు. గిరి గారు కేరళలో ఉండగానే 1964లో అక్కడ ప్రభుత్వం పడిపోయి రాష్ట్రపతి పాలన వచ్చింది.

మనకి మాత్రం గవర్నర్ అంటే వేరే. రాజ్యాంగం ఐదో షెడ్యూల్ తీసి చదవండి, నాలుగు పేజీలే. షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన మీద గవర్నర్ ఏటా రాష్ట్రపతికి రిపోర్టు పంపాలి. పార్లమెంటు చేసిన చట్టమైనా, అసెంబ్లీ చేసిన చట్టమైనా ఏజెన్సీకి వర్తించదని గవర్నర్ ఒక నోటిఫికేషన్‌తో చెప్పొచ్చు, మార్పులతో వర్తింపజేయొచ్చు. భూమి చేతులు మారకుండా, వడ్డీ వ్యాపారి దోచుకోకుండా రెగ్యులేషన్లు చేయొచ్చు. దానికి ముందు గిరిజన సలహా మండలిని సంప్రదించాలి. ఆ రెగ్యులేషన్ అమల్లోకి రావాలంటే రాష్ట్రపతి ఆమోదం ఉండాలి. ఏ ఊరు షెడ్యూల్డ్ ప్రాంతంలోకి వస్తుందో ప్రకటించేది కూడా రాష్ట్రపతే.

అంటే ఈ దేశంలో గవర్నర్ కలం, రాష్ట్రపతి కలం అందరికన్నా ఎక్కువ తగిలేది మనకే. మన భూమి ఆ రెండు సంతకాల మధ్య ఉంది.

గిరి గారు గవర్నర్‌గా చేసిన మూడు రాష్ట్రాల్లో ఎక్కడా ఐదో షెడ్యూల్ ప్రాంతం లేదు. కాబట్టి పదేళ్ల గవర్నర్‌గిరీలో ఆ కలం ఆయన చేతికి రాలేదు. వచ్చింది తర్వాత. ఇప్పుడు అక్కడికే వస్తున్నా.

*1969: ఢిల్లీలో ఒకటి, శ్రీకాకుళంలో ఒకటి*

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే చనిపోయారు. ఉపరాష్ట్రపతి గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. కాంగ్రెస్ పార్టీ తన అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డి గారిని ప్రకటించింది. గిరి గారు స్వతంత్రంగా పోటీకి దిగారు. జూలై 19న బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్ మీద సంతకం పెట్టి, మర్నాడే రాజీనామా చేశారు. ఇందిరాగాంధీ "అంతరాత్మ ప్రబోధం" ప్రకారం ఓటేయమన్నారు. ఆగస్టు 16న పోలింగ్. మొదటి ప్రాధాన్యత ఓట్లతో ఎవరికీ సరిపోలేదు. రెండో ప్రాధాన్యత ఓట్లు కూడా లెక్కపెట్టాక గిరి గారికి 4,20,077, సంజీవరెడ్డి గారికి 4,05,427. ఇద్దరు తెలుగువాళ్ల పోటీలో దేశం ఊపిరి బిగపట్టుకుంది. ఆ ఏడాదే కాంగ్రెస్ రెండు ముక్కలైంది.

ఢిల్లీలో ఇది నడుస్తున్నప్పుడు, గిరి గారు ఒకప్పుడు ఓట్లడిగిన అవే కొండల్లో ఏం నడుస్తోంది?

1967 అక్టోబర్ 31న గిరిజన సంఘం మహాసభకి వెళ్తున్న మనవాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. నిందితుల్ని కోర్టు వదిలేసింది. ఆ తర్వాత శ్రీకాకుళం మన్యం ఎలా మండిందో మీ ఊళ్లో పెద్దవాళ్లని అడగండి. షావుకారు పద్దు పుస్తకం, బస్తా ధాన్యం అప్పుకి పోయిన పొలం, పాలేరుగా మారిన రైతు. ఇవే మూలం. 1969 నాటికి పోలీసు క్యాంపులు, ఎదురుకాల్పులు, అరెస్టులు. ఆ పోరాటం పట్టిన దారి మీద మీకూ నాకూ వేరువేరు అభిప్రాయాలుండొచ్చు. కానీ భూమి పోయిందన్న మాట మీద ఎవరికీ అనుమానం లేదు.

1959లో చేసిన భూ బదలాయింపు రెగ్యులేషన్ అప్పటికే ఉంది. అనుమతి లేకుండా ఆదివాసీ భూమి గిరిజనేతరుడు కొనకూడదని అందులో ఉంది. కానీ కన్నాలు బోలెడు. ఆదివాసీ దగ్గర ఎప్పుడో లాక్కున్న భూమిని ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్ముకుంటే అడిగేవాడు లేడు.

అప్పుడొచ్చింది 1970 నాటి మొదటి రెగ్యులేషన్. మనం 1/70 అనేది దాన్నే. 1970 ఫిబ్రవరి 3 నుంచి అమలు. ఏజెన్సీలో భూమి ఎవరిదైనా సరే, అమ్మితే ఆదివాసీకే అమ్మాలి, లేకపోతే ఆదివాసీల సహకార సంఘానికి. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది ఆదివాసీ నుంచి వచ్చిందనే లెక్క. కాదని నిరూపించుకునే బరువు అతని మీదే. ఈ రెండు వాక్యాలు లేకపోతే ఇవాళ అరకు లోయలో మనకి కూర్చోడానికి చాప పరిచే జాగా ఉండేది కాదు.

ఆ రెగ్యులేషన్ చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ గవర్నర్ ఖండూభాయ్ దేశాయ్. ఆయనా కార్మిక నాయకుడే. 1954లో గిరి గారు వదిలేసిన కార్మిక మంత్రి పదవి తీసుకున్నది ఆయనే. ఇక ఐదో షెడ్యూల్ ప్రకారం దానికి ఆమోదం ఇవ్వాల్సిన రాష్ట్రపతి ఎవరు? వి.వి. గిరి. పన్నెండేళ్ల కింద ఒక మూకదొర చేతిలో ఓడి, "నువ్వు ఆదివాసీవే కాదు" అని కోర్టుకెక్కిన ఆయన హయాంలోనే మన భూమికి గట్టి కంచె పడింది.

ఇక్కడ మీరు తొందరపడి రెండు తప్పుల్లో ఒకటి చెయ్యొద్దు. గిరి గారు మారిపోయి మన మీద ప్రేమతో సంతకం పెట్టారని అనుకోవద్దు. రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మీదే సంతకం పెడతారు. అలాగని ఆ సంతకానికి విలువ లేదనీ అనుకోవద్దు. 1988లో సుప్రీంకోర్టు ఈ రెగ్యులేషన్ చెల్లుతుందని చెప్పింది. 1997లో సమత తీర్పు వచ్చింది. ఏజెన్సీలో ప్రభుత్వం కూడా గిరిజనేతర కంపెనీలకి గనుల లీజులివ్వకూడదని అందులో చెప్పారు. దానికి పునాది 1/70నే. ఆ కాగితం ఢిల్లీలో ఆ బల్ల మీదకి ఎలా చేరిందో చూడండి. లేవిడి నుంచి చేరింది. కోరన్న, మంగన్నల రక్తం అంటిన దారిలో చేరింది.

*అదే చెయ్యి, రెండు సంతకాలు*

ఇప్పుడు మా మిత్రుడి రెండో ప్రశ్న. "రాష్ట్రపతి మీవాళ్లే కదా."

మయూర్‌భంజ్ జిల్లా సంతాల్ ఇంట్లో పుట్టి, గుమాస్తాగా, టీచర్‌గా పనిచేసి, 1997లో రాయ్‌రంగ్‌పూర్‌లో కౌన్సిలర్‌గా మొదలుపెట్టి, 2015లో జార్ఖండ్ గవర్నర్, 2022 జూలై 25న రాష్ట్రపతి. ద్రౌపది ముర్ము గారి ప్రయాణం చూసి ఆ రోజు నేనూ గర్వపడ్డాను. మా అమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. ఆ గర్వాన్ని నేను తీసేసుకోను.

కానీ ఆ మిత్రుడికి చెప్పడానికి నా దగ్గర ఇంకో మనిషి మాట ఉంది. మా ఆఫీసు కింద రేకుల షెడ్లలో ఉండే కూలీల్లో ఖూంటీ వైపు నుంచి వచ్చిన ఒక ముండా పెద్దాయన ఉన్నాడు. వచ్చీరాని హిందీలో మేమిద్దరం మాట్లాడుకుంటాం. ఒకరోజు అడిగాను, ఊళ్లో భూమి ఉందా అని. "ఉంది. సీఎన్‌టీ ఉంది కదా, ఎవడూ కొనలేడు. అందుకే తిరిగి వెళ్లడానికి ఊరుంది" అన్నాడు. 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం పేరు అతని నోట ఎంత మామూలుగా వచ్చిందో! మన ఊళ్లో ముసలమ్మ "వన్నాఫ్ సెవెంటీ" అన్నట్టే.

2016 నవంబర్‌లో జార్ఖండ్ అసెంబ్లీ ఆ చట్టాన్నీ, సంతాల్ పరగణా చట్టాన్నీ సవరిస్తూ బిల్లులు పాస్ చేసింది. సాగుభూమిని వేరే పనులకి వాడుకోవచ్చంది. జనం రోడ్ల మీదకొచ్చారు. గవర్నర్‌గా ఉన్న ముర్ము గారు 2017లో ఆ బిల్లుల్ని తిప్పి పంపారు. ఆమెని గవర్నర్‌గా నియమించిందీ, ఆ బిల్లులు తెచ్చిందీ ఒకే పార్టీ ప్రభుత్వాలు. అయినా తిప్పి పంపారు. ఆ కలానికి నా జోహార్.

2023లో అటవీ సంరక్షణ చట్టం సవరణ పార్లమెంటులో పాసైంది. కొన్ని రకాల అడవుల్ని చట్టం పరిధి నుంచి తప్పిస్తుందని, గ్రామసభ మాటకి విలువ పోతుందని ఆదివాసీ సంఘాలు మొత్తుకున్నాయి. ఆ ఆగస్టులో రాష్ట్రపతి సంతకం పడింది. అదే చెయ్యి.

రెండు సంతకాల మధ్య తేడా ఎక్కడుంది? మొదటిసారి కింద జనం ఉన్నారు. గవర్నర్‌కి బిల్లు తిప్పి పంపే అధికారం ఉంది, తిప్పి పంపక తప్పని ఒత్తిడీ ఉంది. రెండోసారి మంత్రివర్గం సలహా ముందు ఆ ఒత్తిడి చాలలేదు. 1970లో మనవాడు కాని గిరి గారితో మంచి సంతకం పెట్టించాం. 2023లో మన అమ్మే కుర్చీలో ఉన్నా మనకి కావలసింది రాలేదు. ముఖం మనది అయితే చాలదని ఇంతకన్నా తేలిగ్గా నేను చెప్పలేను.

*మనం నిద్రపోయినప్పుడు*

ఇంకో చేదు జ్ఞాపకం. 2000 జనవరిలో గవర్నర్ అధికారంతో జీవో నంబర్ 3 వచ్చింది. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే. మీలో ఎంతమందికి మొదటి అక్షరం నేర్పిన మాస్టారు ఆ జీవోతో వచ్చినవాళ్లో ఆలోచించండి. 2020 ఏప్రిల్ 22న, దేశమంతా లాక్‌డౌన్‌లో ఇళ్లల్లో ఉన్నప్పుడు, సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. 100 శాతం రిజర్వేషన్ కుదరదంది. ఉన్న చట్టాన్ని మార్చడం వరకే తప్ప, నోటిఫికేషన్‌తో కొత్త నియమం సృష్టించే అధికారం గవర్నర్‌కి లేదంది.

ఆ రోజు పోయింది టీచర్ పోస్టులొక్కటే కాదు. గవర్నర్ కలంలో మనకోసం ఉన్న సిరా కొంత ఎండిపోయింది. ఇంత జరిగినా గవర్నర్ మన ఏజెన్సీకి వస్తే మనం ఏం చేస్తున్నాం? థింసా ఆడి, కొమ్ముల తలపాగా పెట్టి, ఫొటో దిగి పంపిస్తున్నాం.

నా మనవి ఇదే. ఈసారి గవర్నర్ వస్తే థింసా ఆడండి, అది మన మర్యాద. ఆట అయ్యాక ఒక కాగితం చేతిలో పెట్టండి. అందులో నాలుగే అడగండి. రాష్ట్రపతికి ఏటా పంపాల్సిన రిపోర్టు ఈ ఏడాది పంపారా, అందులో మా మండలం గురించి ఏం రాశారు? గిరిజన సలహా మండలి ఎప్పుడు కూర్చుంది, ఏం తీర్మానించింది? జీవో 3 పోయిన చోట మా పిల్లలకి మా భాష తెలిసిన టీచర్లు రావడానికి కొత్త రెగ్యులేషన్ ఎప్పుడు? ఆదివాసీలే ఉన్నా షెడ్యూల్డ్ ప్రాంతంలో చేరని ఊళ్లని చేర్చమని రాష్ట్రపతికి ప్రతిపాదన ఎక్కడిదాకా వచ్చింది? జవాబు రాకపోతే ఆర్టీఐ వేయండి. డిగ్రీ చదివాం కదా, ఆ మాత్రం అప్లికేషన్ రాయలేమా?

ఒత్తిడి పనిచేస్తుందా అని అనుమానమా? పర్యాటకం కోసం 1/70ని సవరించాలన్న మాట గాలిలోకి రాగానే 2025 ఫిబ్రవరిలో మన్యం బంద్ అయింది. దుకాణాలు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి. 1/70ని ముట్టుకోబోమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ఆ రెండు రోజులు బంద్ చేసినవాళ్లలో ఎక్కువమంది మీ వయసువాళ్లే.

*ఇక ఎకరం 100 కోట్ల సంగతి*

మా మిత్రుడికి నిన్న జవాబు చెప్పాను. "1/70 తీసేస్తే కోటీశ్వరులయ్యేది మేం కాదు బ్రో. మా దగ్గర ఎకరం లక్షకి కొని, ఇంకోడికి కోటికి అమ్మేవాడు. మా తాతలకి ఇది జరిగింది, అందుకే చట్టం వచ్చింది. ఈ కోకాపేట పాత ఊరివాళ్లు ఈ టవర్లలో ఎన్నో అంతస్తులో ఉన్నారో నువ్వు కనుక్కుని చెప్పు, అప్పుడు మాట్లాడుకుందాం." నవ్వాడు. తర్వాత కాసేపు కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు.

రెండో ప్రశ్నకి పార్వతీపురం కథంతా చెప్పాను. "565 ఓట్లా!" అన్నాడు. అవును, 565. పెద్దపెద్ద రాజాలను ఓడించినాయన్ని మన ఓటు ఓడించింది. ఓడినాయన మన ఓటుతో పనిలేని దారిలో, మూడు రాజభవన్ల మీదుగా రాష్ట్రపతి భవన్‌కి చేరాడు. అక్కడ కూడా మన కాగితం ఆయన ముందుకి వెళ్లింది, ఎందుకంటే మనం కొండల్లో ఊరుకోలేదు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు ఇంకో ఎన్నిక వస్తుంది, ఇంకో గవర్నర్ వస్తారు, ఇంకో రాష్ట్రపతి అభ్యర్థి పేరు టీవీలో వస్తుంది. మనవాళ్లయితే సంతోషపడదాం, కాకపోతే దిగులుపడొద్దు. ఎవరొచ్చినా ఆ బల్ల మీద మన కాగితం ఉందో లేదో చూసుకుందాం. సూరి దొర పేరు మీ ఊళ్లో నలుగురికి చెప్పండి. జనరల్ సీటు కూడా మనదేనని చెప్పండి.

కోరన్న, మంగన్నలకు జోహార్.
జల్, జంగల్, జమీన్ మనది. సంతకం ఎవరిదైనా, పెట్టించేది మనమే.